పాల్ సబాటియే – ఆయన పేరు పక్కన మరో పేరు

మీ ఇంట్లో రసాయనశాస్త్రం చదువుకునే పిల్లలుంటే వారిని ఒక మాట అడిగి చూడండి. సేంద్రియ రసాయనం పాఠాల్లో 'సబాటియర్–సెండరెన్స్ చర్య' అని ఒకటి వస్తుంది. వేడి చేసిన నికెల్ పొడి మీదుగా హైడ్రోజన్ వాయువును పంపి, దాన్ని మరో పదార్థంతో కలిపే పద్ధతి అది. పరీక్షల కోసం మన పిల్లలు ఎన్నో ఏళ్ళుగా దాన్ని కంఠస్థం చేస్తున్నారు. కాని ఆ జంట పేర్లలో మొదటిది విశ్వాసం గల ఒక కతోలిక గృహస్థునిదని, రెండవది ఒక కతోలిక గురువుదని వారికి చెప్పేవారు తక్కువ. ఈ వారం ఆ మొదటి వ్యక్తి జీవితాన్ని తెలుసుకుందాం. ఆయన కథ చెప్పుకుంటే రెండవ వ్యక్తిని వదిలిపెట్టడం న్యాయం కాదు. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

పాల్ సబాటియే 1854 నవంబరు 5న దక్షిణ ఫ్రాన్సులోని కార్కసాన్ పట్టణంలో జన్మించాడు. మన పుస్తకాల్లో సబాటియర్ అని రాస్తారు గాని ఫ్రెంచివారు చివరి అక్షరాన్ని పలకరు. చదువులో చురుకైనవాడు. 1874లో పారిస్ నగరంలోని ఎకోల్ నార్మల్ అనే పేరుగాంచిన విద్యాసంస్థలో చేరి, 1877లో ప్రథమ స్థానంలో ఉత్తీర్ణుడయ్యాడు. ఒక సంవత్సరం నీమ్ పట్టణంలో పాఠాలు చెప్పి, తర్వాత ఆనాటి ఫ్రెంచి రసాయనశాస్త్రవేత్తల్లో అగ్రగణ్యుడైన బెర్తెలో దగ్గర సహాయకుడుగా కుదిరాడు. 1880లో డాక్టరేటు పొందాడు. పారిస్‌లోనే ఉండి పెద్దల నీడన ఎదగాలని ఆ రోజుల్లో యువ శాస్త్రజ్ఞులందరూ కోరుకునేవారు. సబాటియే మాత్రం దక్షిణాదికి తిరిగి వచ్చేశాడు. ఒక ఏడాది బోర్దో నగరంలో పనిచేసి, 1882లో తులూజ్ చేరాడు. 1884లో అక్కడి విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర ఆచార్యుడయ్యాడు. అప్పటికి ఆయన వయసు 30 ఏళ్ళు. ఇక ఆ ఊరు విడిచి వెళ్ళలేదు.

తులూజ్ నగరం మనకు కొత్తది కాదు. పునీత దోమినిక్ గారు 1215లో తమ సభకు పునాది వేసింది అక్కడే. విశ్వాసానికీ బుద్ధికీ వైరం లేదని బోధించిన పునీత తోమాసు అక్వీనాసు గారి అవశేషాలు ఉన్నదీ ఆ నగరంలోనే. అలాంటి చోట ఒక విశ్వాసి తన ప్రయోగశాలలో కూర్చుని సృష్టి రహస్యాలను వెదకడం ఎంతో సముచితంగా తోస్తుంది.

ఇక రెండవ వ్యక్తి సంగతి. ఝా బాప్తిస్త్ సెండరెన్స్ 1856లో పిరనీస్ పర్వతాల వైపు ఉన్న బార్బషాన్ అనే చిన్న గ్రామంలో పుట్టాడు. గురుపట్టం పొంది, తులూజ్‌లోని కతోలిక విద్యాపీఠంలో రసాయనశాస్త్రం బోధించేవాడు. తన కంటే రెండేళ్ళు మాత్రమే పెద్దవాడైన సబాటియే దగ్గర పరిశోధన నేర్చుకున్నాడు. చూశారా ఈ చిత్రం! ఒకరు చదువు చెప్పే గురువు, మరొకరు శ్రీసభ గురువు. ఒకరికి ఒకరు గురువులే.

ఈ కలయిక ఆ కాలంలో సామాన్యమైనది కాదు. అప్పటి ఫ్రాన్సులో ప్రభుత్వానికీ శ్రీసభకూ మధ్య వైరం ముదిరిపోయింది. మఠాలు మూతపడ్డాయి. సన్యాస సభల బడుల మీద ఆంక్షలు వచ్చాయి. చివరకు 1905లో ప్రభుత్వాన్ని, మతాన్ని వేరుచేస్తూ చట్టమే చేశారు. అటువంటి రోజుల్లో ప్రభుత్వ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు, శ్రీసభ విద్యాపీఠపు గురువు ఒకే బల్ల దగ్గర నిలబడి ఒకే గాజుగొట్టాన్ని వేడిచేస్తూ ఏళ్ళ తరబడి పనిచేశారు.

వారి పని ఏమిటో కొంచెం ఓపికగా వినండి. వాయువులోని అణువులు క్షణం కూడా కుదురుగా ఉండవు. అతి వేగంగా తిరుగుతూ దేనికో ఒకదానికి తగులుతూనే ఉంటాయి. అవి లోహపు ముఖానికి తగిలినప్పుడు ఏం జరుగుతుంది? గోడకు విసిరిన రబ్బరు బంతిలా కొన్ని తగిలి వెనక్కి చెదిరిపోతాయి. విసిరిన బంకమట్టి ముద్దలా కొన్ని అక్కడే అతుక్కుంటాయి. మరికొన్ని అతుక్కోవడమే కాదు, అక్కడే రెండుగా విడిపోతాయి. హైడ్రోజన్ అణువులో రెండు పరమాణువులు గట్టిగా చేతులు పట్టుకుని ఉంటాయి. గాలిలో వాటిని విడదీయాలంటే వేల డిగ్రీల వేడి కావాలి. అదే నికెల్ లోహం మీద వాలితే ఆ చేతులు సులువుగా విడిపోతాయి. విడిపోయిన పరమాణువులు ఒంటరిగా, మరొకరితో కలవడానికి సిద్ధంగా ఉంటాయి. ఈ సంగతి నేడు మనకు తెలుసు. 1890ల్లో ఎవరికీ తెలియదు.

1890లో లుడ్విగ్ మాండ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక వింత కనిపెట్టారు. కార్బన్ మోనాక్సైడ్ వాయువు నికెల్‌తో కలిసి ఆవిరిగా మారే కొత్త పదార్థం అవుతుంది. గట్టి లోహం వాయువుతో కలిసి ఎగిరిపోవడమా! సబాటియే ఆలోచనలో పడ్డాడు. ఒక వాయువు అలా కలిస్తే మరికొన్ని కూడా కలవాలి కదా అనుకున్నాడు. ఫాదర్ సెండరెన్స్‌తో కలిసి నత్రజని ఆక్సైడ్లతో ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఎసిటిలీన్ వాయువుతో ప్రయత్నిద్దామని అనుకుంటూ ఉన్నాడు. మన వెల్డింగ్ షాపుల్లో కార్బైడ్ రాళ్ళ నుంచి తీసే గ్యాసు అదే.

అంతలో 1896లో పారిస్ నుంచి ఒక వార్త వచ్చింది. మోయిసాన్, మూరూ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అదే ప్రయోగం చేసేశారు. ఎసిటిలీన్‌ను నికెల్ మీదికి పంపితే లోహం ఎర్రగా కణకణలాడిందని, మసి పేరుకుందని, హైడ్రోజన్ బయటికి వచ్చిందని ప్రకటించారు. లోహపు సూక్ష్మ రంధ్రాల్లో వాయువు ఇరుక్కుని వేడెక్కడమే కారణమని భావించి అంతటితో వదిలేశారు.

ఇక్కడ సబాటియే చేసిన పనిని గమనించండి. ఆయన వెంటనే వారి దారిలో చొరబడలేదు. ఈ పనిని మీరు ఇంకా కొనసాగిస్తారా అని మోయిసాన్‌ను అడిగి తెలుసుకున్నాడు. వారికి ఆ ఉద్దేశం లేదని తేలిన తర్వాతనే తాను చేపట్టాడు. పొరుగువాని గట్టు దాటే ముందు ఒక మాట అడిగే మంచి రైతు మర్యాద అది.

1897లో సబాటియే, సెండరెన్స్ కలిసి ఎసిటిలీన్‌కు బదులు ఇథిలీన్ వాయువును తీసుకున్నారు. కాయలు పండేటప్పుడు వాటి నుంచి వెలువడే వాయువు అది. దాన్ని సుమారు 300 డిగ్రీల వేడిలో ఉన్న నికెల్ మీదుగా పంపారు. మసి పేరుకుంది. కాని గొట్టం చివర వచ్చిన వాయువును పట్టి పరీక్షిస్తే అందులో అధిక భాగం హైడ్రోజన్ కాదు, ఈథేన్! అంటే ఇథిలీన్‌కు అదనంగా హైడ్రోజన్ చేరిన పదార్థం. ఆ హైడ్రోజన్ ఎక్కడిది? కొన్ని ఇథిలీన్ అణువులు నికెల్ మీద విరిగిపోయి హైడ్రోజన్‌ను విడిచాయి. ఆ హైడ్రోజన్‌ను నికెల్ పట్టుకుని మిగిలిన ఇథిలీన్‌కు అందించింది. అలా అయితే హైడ్రోజన్‌ను మనమే బయటి నుంచి ఇస్తే పోలేదా? ఇచ్చి చూశారు. అంత వేడి కూడా అవసరం లేకుండానే ఇథిలీన్ అంతా ఈథేన్‌గా మారింది. నికెల్ మాత్రం తరిగిపోలేదు.

మన పెళ్ళిళ్ళ పేరయ్యను తలచుకోండి. రెండు ఇళ్ళ మధ్య తిరిగి సంబంధం కుదురుస్తాడు. పెళ్ళి పీటల మీద మాత్రం కూర్చోడు. ముహూర్తం దాటగానే మరో సంబంధానికి బయలుదేరతాడు. నికెల్ చేసే పని అదే. ఇటువంటి పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు.

ఆ విజయపు రోజుల్లోనే ఆయన ఇంట చీకటి కమ్మింది. 1898లో భార్య మరణించింది. నలుగురు కుమార్తెలు తల్లి లేనివారయ్యారు. సబాటియేకు అప్పటికి 45 ఏళ్ళు నిండలేదు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. పిల్లలను చూసుకుంటూ, పాఠాలు చెబుతూ, ప్రయోగశాలను నడుపుతూ వచ్చాడు. గంభీరుడు, మితభాషి అని పేరు. తోటపని అంటే, చిత్రకళ అంటే ఇష్టం.

పని ఆగలేదు. 1901లో బెంజీన్ అనే మొండి పదార్థానికి కూడా నికెల్ సాయంతో హైడ్రోజన్ చేర్చగలిగారు. అలా తయారయ్యే సైక్లోహెక్సేన్ నుంచే తర్వాతి కాలంలో నైలాన్ పరిశ్రమకు ముడిసరుకు దొరికింది. 1902లో బొగ్గుపులుసు వాయువును హైడ్రోజన్‌తో కలిపి మీథేన్ వాయువును, నీటిని తయారుచేశారు. నికెల్‌కు విషాలు కూడా ఉన్నాయని వారు గమనించారు. గంధకం రవ్వంత తగిలినా దాని శక్తి చచ్చిపోతుంది. లోహాన్ని ఎంత శుద్ధిగా ఉంచితే అంత సేవ చేస్తుంది.

ఇదంతా ఎలా జరుగుతోంది? లోహం స్పంజిలా వాయువును పీల్చుకుని ఒత్తిడి పెంచుతుందని ఆనాటి పెద్దలు చాలామంది నమ్మారు. సబాటియే ఒప్పుకోలేదు. హైడ్రోజన్ లోహపు ముఖం మీద లోహంతోనే కాసేపు కలుస్తుందని, ఆ తాత్కాలిక బంధం తెగి మరొకరికి హైడ్రోజన్‌ను అప్పగిస్తుందని వాదించాడు. ఆ బంధం మరీ బలహీనమైతే వాయువు తగిలి వెళ్ళిపోతుంది, పని జరగదు. మరీ బలమైతే లోహం దాన్ని వదలదు, అప్పుడూ పని జరగదు. పట్టుకోవడం తెలియాలి, విడిచిపెట్టడమూ తెలియాలి. శాస్త్రజ్ఞులు నేటికీ దీన్ని సబాటియే సూత్రం అంటారు.

కాలం ఆయన వైపే తీర్పు చెప్పింది. అమెరికాలో అర్వింగ్ లాంగ్ముయిర్ 1910ల్లో వేడి టంగ్‌స్టన్ తీగ మీద హైడ్రోజన్ అణువులు పరమాణువులుగా విడిపోవడం చూపించాడు. 1932లో నోబెల్ బహుమతి పొందాడు. జర్మనీకి చెందిన గెర్హార్డ్ ఎర్టిల్ ఇనుము మీద నత్రజని అణువు ఎలా విడిపోతుందో మెట్టు మెట్టుగా నిరూపించి 2007లో అదే బహుమతి అందుకున్నాడు. మన పొలాల్లో చల్లే యూరియాకు మూలమైన అమ్మోనియా తయారయ్యేది ఆ నత్రజని విడిపోవడం వల్లనే. ఒక్కో లోహానికి ఒక్కో స్వభావం ఉందని కూడా తేలింది. నికెల్ మీద సులువుగా విడిపోయే హైడ్రోజన్, రాగి మీద చాలా మట్టుకు తగిలి చెదిరిపోతుంది. మంచి వేగంతో వచ్చి తగిలినవే అక్కడ విడిపోతాయి.

ఇప్పుడు మన వంటింటికి వద్దాం. సబాటియే, సెండరెన్స్ ఆవిరుల మీదనే పనిచేశారు. నూనెలకు కూడా నికెల్ సాయంతో హైడ్రోజన్ పట్టించవచ్చని 1902లో జర్మనీకి చెందిన విల్హెల్మ్ నార్మన్ పేటెంటు తీసుకున్నాడు. ద్రవంగా ఉండే నూనె అలా గడ్డకడుతుంది. అదే వనస్పతి. 1930ల నుంచి మన దేశంలో డాల్డా డబ్బా చేరని ఊరు లేదు. నెయ్యి కొనలేని ఇళ్ళలో క్రిస్మస్ పిండివంటలకు అదే ఆధారమైంది. ఖాళీ డబ్బాలో గులాబి మొక్క నాటని ఇల్లు ఉందా? అయితే ఇందులో మరో పాఠం ఉంది. నూనెకు సగం సగం హైడ్రోజన్ పట్టించినప్పుడు, కొన్ని అణువులు నికెల్ మీద ఆకారం మార్చుకుని ట్రాన్స్ కొవ్వులుగా తయారవుతాయి. అవి గుండెకు కీడు చేస్తాయని తర్వాత రుజువైంది. అందుకే మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో వాటిని 2 శాతానికి పరిమితం చేశారు. దేవుడిచ్చిన తెలివితో కనిపెట్టిన దాన్ని ఆ తెలివితోనే సరిదిద్దుకోవలసి ఉంటుంది.

మళ్ళీ తులూజ్‌కు వెళ్దాం. 1905లో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ సబాటియే, సెండరెన్స్ ఇద్దరికీ కలిపి బహుమానం ఇచ్చింది. అదే ఏడాది సబాటియే విజ్ఞానశాస్త్ర విభాగానికి డీన్ అయ్యాడు. 1907లో మోయిసాన్, బెర్తెలో ఇద్దరూ మరణించారు. పారిస్‌లో వారి పీఠాలు రెండూ సబాటియేకు ఇవ్వజూపారు. దేశంలో అంతకన్నా గొప్ప పదవులు లేవు. ఆయన రెండింటినీ వద్దన్నాడు. తన ఊరిలో తన విద్యార్థులతోనే ఉండిపోయాడు. అక్కడే రసాయనశాస్త్రానికి, విద్యుత్ శాస్త్రానికి, వ్యవసాయానికి ప్రత్యేక విద్యాసంస్థలు నెలకొల్పాడు. అప్పటివరకు అకాడమీ సభ్యులు పారిస్‌లోనే నివసించాలి. 1913లో ఆ నియమం సడలినప్పుడు, పారిస్ బయట ఉంటూ సభ్యుడైన మొదటివాడు ఆయనే.

1912లో నోబెల్ బహుమతి వచ్చింది. రసాయనశాస్త్రంలో ఆ ఏటి బహుమతిని విక్టర్ గ్రిన్యార్, పాల్ సబాటియే అనే ఇద్దరు ఫ్రెంచివారికి పంచారు. గ్రిన్యార్ పని వేరు. నికెల్ పనికి వచ్చిన సగం సబాటియే ఒక్కరికే దక్కింది. గొట్టం పక్కన ఏళ్ళ తరబడి నిలబడిన ఫాదర్ సెండరెన్స్ పేరు అందులో లేదు.

ప్రియ పాఠకులారా, ఇక్కడ మనం కాసేపు ఆగాలి. కలిసి చేసిన పనికి కలిపి బహుమతి ఇవ్వడం అప్పటికి కొత్త కాదు. 1903లో క్యూరీ దంపతులకు భౌతికశాస్త్రంలో అలాగే ఇచ్చారు. మొదటి ఆలోచన సబాటియేదే, సిద్ధాంతం ఆయనదే, తర్వాత వేరే శిష్యులతో పనిని విస్తరించిందీ ఆయనే. అది నిజం. కాని ఇథిలీన్, బెంజీన్, మీథేన్ ప్రయోగాల పత్రాల మీద ఉన్నవి రెండు పేర్లు. అదీ నిజమే. స్టాక్‌హోమ్‌లో నోబెల్ ఉపన్యాసం ఇస్తూ సబాటియే తన సహచర గురువు పేరును మరువకుండా చెప్పాడు. మాట చెప్పడం, పీట పంచుకోవడం ఒకటి కావు గదా! ఒక మంచి మనిషి జీవితంలో కూడా ఇలా తీరని లెక్క ఒకటి మిగిలిపోవచ్చు.

ఫాదర్ సెండరెన్స్ మాత్రం పని మానలేదు. రసాయనశాస్త్రంలో తన పరిశోధన తాను చేసుకుంటూ పోయాడు. 1922లో విజ్ఞాన అకాడమీ ఆయనను సహసభ్యుడుగా ఎన్నుకుంది. 1937లో, 81వ ఏట ప్రభువులో నిద్రించాడు. మొదటి నుంచీ చివరి వరకూ ఆయన గురువే, శాస్త్రజ్ఞుడే.

సబాటియే 1930లో పదవీ విరమణ చేశాడు. 1941 ఆగస్టు 14న, మరియమాత మోక్షారోపణ పండుగకు ముందు రోజున, తులూజ్‌లోనే కన్నుమూశాడు. అప్పటికి 86 ఏళ్ళు. దేశం ఓటమి బాధలో ఉన్న యుద్ధకాలమది. తర్వాత 1969లో తులూజ్‌లో ఏర్పడిన ఒక విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. 1902 నాటి మీథేన్ ప్రయోగం ఆకాశానికి కూడా ఎక్కింది. వ్యోమగాములు విడిచే బొగ్గుపులుసు వాయువు నుంచి నీటిని రాబట్టే యంత్రాన్ని 2010లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అమర్చారు. దానికీ సబాటియే పేరే.

విశ్వవిద్యాలయం ఒక పేరే పెట్టుకుంది. అంతరిక్ష యంత్రం ఒక పేరే మోసింది. బహుమతి పత్రం మీదా ఒక పేరే ఉంది. రెండు పేర్లనూ కలిపి నిలిపింది విద్యార్థుల పాఠ్యపుస్తకం. మన ఊళ్ళలో బెంచీల మీద కూర్చుని పిల్లలు వల్లెవేసే ఆ చిన్న వాక్యం, పెద్దలు మరచిన లెక్కను కొంత తీర్చింది.

మన విచారణల్లో కూడా ఇది ఆలోచించదగిన విషయం. గుడికి ప్రహరీ కట్టిస్తాం, గ్రోట్టో కట్టిస్తాం. శిలాఫలకం మీద చెక్కే పేర్లు కొన్నే. రాళ్ళు మోసినవారు, సాయంకాలాలు నీళ్ళు పట్టినవారు, ఇల్లిల్లూ తిరిగి చందాలు వసూలు చేసిన ఉపదేశి గారు ఆ రాయి మీద ఉండరు. ప్రభువు గ్రంథంలో వారి పేర్లు ఉంటాయని మనం నమ్ముతాం. ఆ నమ్మకం నిజమే. కాని అది మన నోరు మూసుకోవడానికి సాకు కారాదు. పండుగ రోజున మైకు పట్టుకున్నప్పుడు ఆ పేర్లను మనమూ చెప్పవచ్చు. వీలైతే ఆ రాయి మీద మరో వరుస చెక్కించవచ్చు.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థన తర్వాత మీ పిల్లలకు ఈ ఇద్దరి కథ చెప్పండి. పరీక్షలో 'సబాటియర్–సెండరెన్స్' అని రాసేటప్పుడు రెండవ పేరును కొట్టివేయవద్దని, తొందరలో వదిలివేయవద్దని చెప్పండి. అది ఒక గురువు పేరు.